ఎర్ర తోక

ఆగస్టు 4

చిన్నోడు పోయాడు.

ఆగస్టు 5

నిన్న రెండు మాటలు రాసి మూసేశాను. 

ఇది కంపెనీవాళ్ళు ఏటా ఇచ్చే డైరీ. ఇన్నేళ్ళలో ఫోన్ నంబర్లు తప్ప ఇందులో ఇంకేమీ రాసుకోలేదు. ప్రతి పేజీ నెత్తిన ఒక భద్రతా సూక్తి అచ్చేస్తారు. నిన్నటి పేజీ మీద 'ఇంటి దగ్గర మీ కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు' అని ఉంది. అది అచ్చేసినవాణ్ణి పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది. వాడు మాత్రం ఏం చేస్తాడు, ఏ తేదీకి ఏ సూక్తి పడుతుందో వాడికేం తెలుసు.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా తమ్ముడు లోపలున్నాడు. నువ్వు బయట నిలబడ్డావు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను 'మీరు' తప్ప ఇంకోలా అని ఎరగదు. అత్తగారు కూతురి భుజం పట్టుకుని ఊరుకోబెట్టబోయింది. ఈవిడ విదిలించుకుంది.

"దిగకూడదని రూలు," అన్నాను.

"రూలా," అంది.  డాక్టరు వచ్చి వెళ్ళిన చాలాసేపటికి, గోడవైపు చూస్తూ, "చివరిగా ఏమన్నాడు?" అని అడిగింది.

 మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది. "సాయంత్రం అక్క దగ్గరే తింటాను, కాస్త ఎక్కువ వండమని చెప్పు బావా, అన్నాడు."

అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది.

వాడు ఆ మాట అనలేదా అంటే అన్నాడు. నా దగ్గర వందసార్లు అని ఉంటాడు. వాడికి తిండి యావ. నిన్న అన్నాడా లేదా అన్నదొక్కటే తేడా.

ఆగస్టు 6

ఎల్లుండి విచారణ. బయటి నుంచి అధికారులొస్తున్నారు. వాళ్ళకి మన పని తెలియదు కాబట్టి మొదట్నుంచీ చెప్పుకురమ్మన్నాడు మా ప్లాంటు ఇన్‌ఛార్జి. తడబడకుండా ఉండాలని ఇక్కడ ఓసారి రాసి చూసుకుంటున్నాను.

మాది మందుల్లోకి వెళ్ళే రసాయనాలు చేసే ప్లాంటు. రియాక్టర్లు రెండు. మా మాటల్లో పెద్ద బాన, చిన్న బాన. నేనూ నా బావమరిది చిన్నోడూ ఒకే షిఫ్టు. బాన గోడలకి కరుచుకున్న మడ్డిని అప్పుడప్పుడు మనిషి లోపలికి దిగి గీకాలి. దిగేముందు లోపలి ఆవిర్లు అంటుకోకుండా నైట్రోజన్ పట్టిస్తాం. తర్వాత దాన్ని తరిమేసి మామూలు గాలి నింపుతాం. నైట్రోజన్ విషం కాదు. రంగు లేదు, వాసన లేదు. గాలి ఉండాల్సిన చోట అది ఉంటే చాలు. రెండు మూడు ఊపిర్లలో మనిషి పడిపోతాడు, పడిపోతున్నానని కూడా తెలియదు.

అందుకని నైట్రోజన్ పైపుకి వాల్వు ఒక్కటే కట్టేస్తే చాలదు. వాల్వన్నాక కారుతుంది. పైపు అతుకు విప్పి మధ్యలో ఇనప బిళ్ళ దూర్చి బోల్టులు బిగించాలి. అది బ్లైండ్ ప్లేటు. దాని పిడి జానెడు బయటికి పొడుచుకొస్తుంది, ఎర్ర రంగు వేస్తారు. మేం దాన్ని తోక అంటాం. తోక ఉంటే ప్లేటు ఉన్నట్టు. ప్లాంటు గీసిన ఇంజనీరు ఆ పైపుని మెట్లకి ఎదురుగా పెట్టాడు, వచ్చేవాడికి పోయేవాడికి తోక కనపడాలని. తర్వాత బండ్లు తిరగడానికి అడ్డంగా ఉందని పైపుని వెనక్కి తిప్పారు. అప్పట్నుంచీ వంగి చూస్తేనే కనపడుతుంది.

దానికోసం మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బయట కాపలా ఉండేవాడు "తోక?" అని అరవాలి. దిగేవాడు వెళ్ళి, వంగి, దాన్ని చేత్తో ముట్టుకుని "ఉంది" అనాలి. అన్నాకే దిగాలి.

కాపలావాడికి ఇంకో రూలు ఉంది. లోపల ఏం జరిగినా తను దిగకూడదు. విజిల్ వెయ్యాలి, తాడు లాగాలి, గాలి సిలిండర్లు తగిలించుకున్నవాళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఒకడి కోసం ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు దిగి వరసగా పోయిన సంగతులు ఏ ప్లాంటుకెళ్ళినా చెబుతారు.

ఆ రోజు నేను కాపలా, చిన్నోడు పెద్ద బాన లోపల. పొద్దున గాలి పరీక్ష చేశారు, బాగుంది. భోజనాల వేళ దాకా గీకాడు, ఏమీ కాలేదు. పైకొచ్చి తిన్నాడు. ఈలోపు లోపలికి గాలి కొట్టే ఫ్యాను చిన్న బానకి కావాలని పట్టుకెళ్ళారు. తిన్నాక మళ్ళీ దిగబోయాడు. తోక అన్నాను. ఉంది అన్నాడు. దిగాడు. కాసేపటికి గీకుడు చప్పుడు ఆగిపోయింది. పిలిచాను, పలకలేదు. విజిల్ వేశాను. తాడు లాగాను. లోపల కలిపే రెక్కకి చుట్టుకుపోయింది, రాలేదు. సిలిండర్ల వాళ్ళొచ్చి తీశారు. నేను దిగలేదు. రూలు ప్రకారం దిగలేదు.

బాగానే వచ్చింది. ఇలాగే చెప్పాలి.

ఆగస్టు 8

చెప్పాను.

వచ్చినవాళ్ళు ఇద్దరూ మర్యాదస్తులు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. బ్లైండ్ ప్లేటు ఉందా అని అడిగారు. ఉందన్నాను. ముట్టుకుని చూశాడా అన్నారు. చూశాడన్నాను. వెళ్ళి వంగి చూసుకున్నారు. ఉంది. ఎర్రగా నవనవలాడుతోంది.

ఎందుకుండదు. చిన్నోణ్ణి అంబులెన్సు ఎక్కించాక నేను ఆ మెట్ల మీదే కూలబడి ఉంటే, నా ముందునుంచే ఇద్దరు ఫిట్టర్లు వెళ్ళి బిగించొచ్చారు. నావైపు చూడలేదు. నేనూ వాళ్ళవైపు చూడలేదు.

ఇన్‌ఛార్జి నిన్నే నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. చెడ్డవాడేం కాదు, వాడికీ పైన మొట్టేవాళ్ళున్నారు. "ఫిట్టర్లందరూ బాయిలర్ దగ్గర ఇరుక్కుపోయారు, నీకూ తెలుసు. వాల్వు కట్టేసి తాళం వేశాం కదా అనుకున్నాం. ఇప్పుడు ప్లేటు లేదని అన్నావనుకో, మొదట అడిగేదేంటి? లేకుండా దిగినవాడు ఎందుకు దిగాడని. ముట్టుకుని చూడాల్సింది వాడు. పోయినవాడి నెత్తిన పడుతుంది. వాళ్ళమ్మ ఆ మాట వినాలా?"

వినకూడదు. అందుకే ఉందన్నాను. ఇది చిన్నోడి కోసం.

ఆగస్టు 9

అన్నం గిన్నెలో సగం మిగిలిపోయింది. 

ఆగస్టు 12

అత్తగారు మా ఇంటికే వచ్చేసింది. పక్క వీధిలో తల్లీ కొడుకూ ఉన్న ఆ రెండు గదులకీ తాళం వేశాం. చిన్నోడి చెప్పులు మా గుమ్మం దగ్గర ఒక జత ఎప్పుడూ పడి ఉండేవి. ఎవరూ తియ్యడం లేదు.

మా ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడదు. తువ్వాలు అక్కడుంది, మందులయిపోయాయి, అంతవరకే. కానీ రోజూ సాయంత్రం ఒక మనిషికి ఎక్కువ వండుతోంది. నేను చెప్పిన మాట పట్టుకుని వండుతోంది.  తినకపోతే ఎందుకు తినలేదంటారని తింటున్నాను.

ఈరోజు పొద్దున పాప బడికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగిపోయింది. వాళ్ళ మామయ్య నేర్పిన ఆట. వాడు వాకిట్లో నిలబడి "తోక?" అనేవాడు. ఇది వీపు మీది సంచీ తడుముకుని "ఉంది" అని అరిచి పరుగెత్తేది. వాడు ఊరుకునేవాడు కాదు, "ముట్టుకున్నావా, ఊరికే అన్నావా?" అని వెనక్కి పిలిచేవాడు. మళ్ళీ తడుముకునేది. ఇద్దరికీ నవ్వే నవ్వు.

"నాన్నా, నువ్వను," అంది.

"బడికి ఆలస్యమవుతోంది, వెళ్ళు."

"ఒక్కసారి అనవా. తోక అను."

"వెళ్ళమన్నానా," అని కసిరాను. దాని మొహం చిన్నబోయింది. లోపల్నుంచి మా ఆవిడ వచ్చి నావైపు ఒక చూపు చూసి, పాప చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

నిజం రాసుకోవాలంటే, ఆ రోజు ఇద్దరం తోక చూడలేదు. నేను మామూలుగా అరిచాను, వాడు మామూలుగా ఉందన్నాడు. ఎన్నేళ్ళుగా అరుస్తున్నామో. పొద్దున లేవగానే పళ్ళు తోముకున్నట్టు నోరు దానంతటదే అంటుంది. అందరూ అంతే. తప్పయితే అందరిదీ.

ఆగస్టు 13

వాడు ఉందన్నాడు. అందుకే దిగాడు.

ఆగస్టు 19

మెయిన్ గేటు దగ్గర నా బొమ్మ పెట్టారు. నిలువెత్తు పోస్టరు. పెద్ద బానలోకి దిగే మ్యాన్‌హోల్ పక్కన నన్ను హెల్మెట్టుతో నిలబెట్టి పోయిన వారం ఫొటో తీశారు. ఎందుకో చెప్పలేదు, ఫైలు కోసమేమో అనుకున్నాను. బొమ్మ కింద 'రూలు పాటించాడు, ఇంకో ప్రాణం పోకుండా ఆపాడు' అని రాశారు. ఆ ఇంకో ప్రాణం నాదే. నా ప్రాణం నేను కాపాడుకున్నందుకు నాకు పోస్టరు.

సేఫ్టీ ఆఫీసరు వచ్చి చెయ్యి కలిపాడు. కొత్తగా చేరేవాళ్ళకి కాపలా పని నేర్పే ఉద్యోగం నాకిస్తారట. షిఫ్టులుండవు. పగటిపూట ఒక గది, ఒక బల్ల, ఒక బోర్డు.

"నువ్వు చెబితే వింటారు. చూసినవాడివి," అన్నాడు.

సరేనన్నాను. కాదనడానికి ఏం కారణం చెప్పాలి?

మా కాలనీ నుంచి బస్టాపుకి ఆ గేటు ముందునుంచే దారి. మా ఆవిడ పాపని బడికి దింపడానికి రోజూ అటే వెళ్తుంది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఏమంటుందోనని చూశాను. ఏమీ అనలేదు. పాప మాత్రం, "నాన్నా, నీ పళ్ళు కనపడుతున్నాయి అందులో," అంది. నవ్వమని ఫొటోగ్రాఫరు అన్నట్టున్నాడు. నేను నవ్వినట్టున్నాను.

ఆగస్టు 25

మొదటి క్లాసు. ఎనిమిది తొమ్మిదిమంది. అందులో ఒకాయన మా ప్లాంటువాడే, పొట్టాయన. ఇన్నాళ్ళూ గోడౌన్లో డ్రమ్ములు దొర్లించేవాడు, ఇప్పుడు బానల దగ్గరికి మార్చారు. నాకంటే చిన్నవాడు, ఇద్దరు పిల్లలు. ఏం చెప్పినా నోరు తెరుచుకుని వింటాడు.

విజిల్ గురించి, తాడు గురించి, దిగకపోవడం గురించి చెప్పాను. చెబుతుంటే గొంతు బాగా పలికింది, అది నాకే తెలిసింది.

పొట్టాయన చెయ్యెత్తాడు. "అన్నా, లోపలున్నది మనవాడైతే? కాళ్ళు ఆగుతాయా?"

గదిలో మిగతావాళ్ళు వాడివైపు గుడ్లురిమి చూశారు. వాడికి అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

"ఆగుతాయి," అన్నాను.

బయటికొచ్చాక వెనకాలే వచ్చి చేతులు పట్టుకున్నాడు. "ఏమీ అనుకోకన్నా. నా నోటికి అదుపు లేదు. నువ్వు నేర్పావంటే చాలు, నేను కళ్ళు మూసుకుని దిగుతా." మాట సాయంగా అన్నాడు పాపం. 

ఆ రోజు తోక అన్నాను. చిన్నోడు తలూపాడు. నాకు బాగా గుర్తు. తలూపాడంటే ఉందనే కదా అర్థం.

ఆగస్టు 30

మా ఆవిడ మాట్లాడింది.

మధ్యాహ్నం అత్తగారు పాపని తీసుకుని బయటికెళ్ళింది. కావాలనే వెళ్ళిందని తర్వాత తెలిసింది. నేను కుర్చీలో కూర్చుని బూటు తుడుచుకుంటున్నాను. ఆవిడ వచ్చి నేలమీద కూర్చుంది.

"అమ్మ నన్ను రోజూ తిడుతోంది," అంది. "ఆయన కూడా దిగుంటే నీ పిల్ల గతేమయ్యేదే, ఇద్దరు పోతే నీకు తృప్తిగా ఉండేదా, అని. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, తనే అలా అంటోంది. నాకు సిగ్గేసింది."

నేను బూటు తుడుస్తూనే ఉన్నాను.

"మీ సేఫ్టీ ఆఫీసరు భార్య కనపడింది. నైట్రోజన్ సంగతి అంతా చెప్పింది. మీరు దిగుంటే మెట్లు దిగేలోపే పడిపోయేవారట." ఆగింది. "మిమ్మల్ని ఆసుపత్రిలో ఆ మాటన్నాను. ఇన్నాళ్ళూ మనసులోనూ అదే అనుకున్నాను. నన్ను క్షమించండి."

మళ్ళీ 'మీరు'. ఆ ఒక్క మాట కోసం ఇన్నాళ్ళూ మొహం వాచి ఉన్నాను. వచ్చింది. బూటు చేతిలోనే ఉండిపోయింది.

"వాడు పోయేముందు కూడా నా చేతి వంటనే తలుచుకున్నాడు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అది ఒక్కటే నన్ను నిలబెడుతోంది. మీరు ఆ మాట తెచ్చి చెప్పారు, చూడండి, అది చాలు నాకు."

చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంత ఏడుపు మధ్యలో ఆవిడ మొహంలో కాస్త వెలుతురు కనపడితే దాన్ని ఎలా ఆర్పను? దిగలేదని నామీద కోపం పెట్టుకుంది, ఆ కోపం తీసేసింది. పెట్టుకోవాల్సిన కోపం అది కాదు. అసలు పెట్టుకోవాల్సిన దాని సంగతి ఆవిడకి తెలియదు.

సాయంత్రం కడుపునిండా తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఇలాంటివాణ్ణి నేను.

సెప్టెంబరు 3

చిన్న బాన వచ్చే వారం ఆపుతారట. పొట్టాయన దిగుతాడు. కాపలా ఎలా ఉండాలో కొత్తవాళ్ళకి చూపించమని నన్ను పైకి రమ్మన్నారు.

సెప్టెంబరు 5

తోక వాళ్ళే చూసుకుంటారు. ఒకసారి ఇంత జరిగాక ఎవరైనా వదిలేస్తారా. నాకెందుకు ఈ దిగులు.

సెప్టెంబరు 9

నిదానంగా రాయాలి. 

పొద్దున పైకి వెళ్ళేసరికి చిన్న బాన మూత తీసి ఉంది. మ్యాన్‌హోల్ చుట్టూ క్లాసువాళ్ళందరూ గుమిగూడారు. ఇన్‌ఛార్జి ఉన్నాడు. సేఫ్టీ ఆఫీసరు ఫొటోగ్రాఫరుని కూడా తెచ్చాడు. పొట్టాయన నడుముకి తాడు కట్టించుకుని, పెళ్ళికొడుకులా నిలబడి, అందరివైపూ చూసి నవ్వుతున్నాడు.

నన్ను కాపలా చోట నిలబెట్టారు. అందరూ నావైపే చూస్తున్నారు.

"తోక?" అన్నాను.

"ఉంది," అన్నాడు పొట్టాయన. అడుగు కూడా కదపలేదు. వంగలేదు. నా మొహం వైపు చూసి అన్నాడు. నేనడిగానంటే ఉన్నట్టేనని వాడి లెక్క. ఒక కాలు అప్పుడే నిచ్చెన మీద పెట్టేశాడు.

"ఆగు," అన్నాను.

నేనే వెళ్ళి పైపు వెనకాల వంగాను. అతుకు నున్నగా ఉంది. తోక లేదు.

పైకి లేచి నిలబడ్డాను. ఇన్‌ఛార్జి నా పక్కకి వచ్చాడు, గొంతు తగ్గించి, "ఫిట్టర్లు మధ్యాహ్నానికి గానీ రారు. వాల్వుకి తాళం వేయించాను. ఈసారి ఫ్యాను తియ్యం, గాలి కొలిచే మీటరు లోపలే పెడతాం. ఒక్క గంట పని, కానివ్వు," అన్నాడు.

"ప్లేటు లేదు సార్."

"అదే చెబుతున్నా కదా. వాల్వు కట్టేశాం."

"ఆ రోజూ ఇదే అన్నారు."

ఆ మాట కొంచెం పెద్దగానే వచ్చినట్టుంది. చుట్టూ గుసగుసలు ఆగిపోయాయి. ఇన్‌ఛార్జి మొహం నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది. కానీ తెలివైనవాడు. నెమ్మదిగా, అందరికీ వినపడేలా అన్నాడు: "ఆ రోజు ప్లేటు ఉందని విచారణలో చెప్పింది నువ్వే కదా. ఉండగా కూడా జరిగింది. అంటే ప్లేటు వల్ల కాదు. మరి ఇప్పుడెందుకు గొడవ?"

నాకు దారి మూసుకుపోయింది. ప్లేటు లేకుండా దిగకూడదని వీళ్ళని ఆపాలంటే ఆ రోజు లేదని చెప్పాలి. ఉందన్న మాట అలాగే ఉంచితే పొట్టాయన దిగుతాడు. వాడు నిచ్చెన పట్టుకుని, ఒక కాలు లోపల ఒక కాలు బయట, నన్నే చూస్తున్నాడు. దిగమంటే దిగుతాడు. ఊరికే తలూపినా దిగుతాడు.

"ఆ రోజు తోక లేదు," అన్నాను. "తర్వాత బిగించారు. నేను చూశాను. ఉందని అబద్ధం చెప్పాను."

ఎవరూ కదల్లేదు. ఫొటోగ్రాఫరు ఒక్కడే అటూ ఇటూ చూశాడు, వాడికేం అర్థం కాలేదు.

నేను వెళ్ళి పొట్టాయన భుజాలు పట్టి పైకి లాగాను. తాడు ముడి విప్పాను. ముడి గట్టిగా పడింది, గోళ్ళు విరిగాయి. "అన్నా, నేను దిగనులే, వదులు," అంటున్నాడు వాడు. వదలకుండా విప్పేశాను.

మధ్యాహ్నం లోపే నా గేటు పాస్ తీసుకున్నారు. మళ్ళీ పిలిచేదాకా రావద్దన్నారు. విచారణ వాళ్ళు మళ్ళీ వస్తారట. వస్తూ గేటు దగ్గర చూశాను. నా పోస్టరు అప్పటికే విప్పేశారు. వీళ్ళు కొన్ని పనులు ఎంత చురుగ్గా చేస్తారో.

సెప్టెంబరు 9, సాయంత్రం

నాకంటే ముందే కబురు ఇంటికి చేరింది. పొట్టాయన భార్య వచ్చి మా ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చి వెళ్ళిందట, మీ ఆయన మా ఆయన్ని బతికించాడని.

అత్తగారు దేవుడి మూల కూర్చుని ఉంది, నావైపు తిరగలేదు. మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పొయ్యి ఆర్పేసి, ఇటు తిరిగింది.

"ఆ ప్లేటు లేదని మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. ఫిట్టర్లు రాలేదని పొద్దునే తెలుసు."

"వాడికి?"

నేను ఇక్కడ కూడా ఇన్నాళ్ళూ రాయనిది అప్పుడు చెప్పాను. పొద్దున ఇద్దరం మామూలుగానే అరుచుకున్నాం. భోజనం తర్వాత దిగబోతూ వాడి చేతి తొడుగు జారి పైపు కింద పడింది. తీసుకోవడానికి వంగాడు. నేను అలవాటు కొద్దీ "తోక?" అన్నాను. వాడు వంగినవాడు వంగినట్టే ఉండి, "కనపడట్లేదు బావా," అన్నాడు.

"మీరేమన్నారు?"

"ఉందిలే, దిగు, అన్నాను."



"ఎందుకన్నారు?"

ఎందుకన్నానో నాకు తెలియదు. పని తెమిలిపోతుందని. ఎప్పుడూ ఏమీ కాలేదని. ఇన్‌ఛార్జి దగ్గర మాట పడకూడదని. ఇవన్నీ నిజమే, ఏ ఒక్కటీ చాలదు. తెలియదన్నాను.

"ఇంకేమన్నాడు?"

"ఏమీ అనలేదు. సరే బావా అని కూడా అనలేదు. నవ్వి దిగాడు. నేను చెప్పానని దిగాడు."

 ఆవిడ చేతిలో గరిటె ఉంది, దాన్నే చూస్తోంది.

"మరి అక్క దగ్గర తింటానన్నది?"

"నేను కల్పించాను."

తల ఎత్తి నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, 'నువ్వు' అంటుందనుకున్నాను. ఏదైనా ఓర్చుకోగలననిపించింది.

"అదొక్కటీ నాకు ఉంచాల్సింది మీరు," అంది.

సెప్టెంబరు 10

ఈ సాయంత్రం మా నలుగురికి సరిపడానే వండింది. ఏమీ మిగల్లేదు. గుమ్మం దగ్గర చిన్నోడి చెప్పులు లేవు. ఎవరు తీశారో నేనడగలేదు.

సెప్టెంబరు 13

పొట్టాయన వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. చిన్న బానకి ప్లేటు వేశారట. పైనుంచి ఎవరో పెద్దవాళ్ళు వచ్చి దగ్గరుండి వేయించారట. ఇన్‌ఛార్జిని వేరే చోటికి మార్చారు. రేపు పొద్దున తనే దిగుతున్నాడు.

"నీకు చెప్పి వెళ్దామని వచ్చానన్నా," అన్నాడు. "తోక ఉంది. భయం లేదు."

 మంచిది అన్నాను. వాడు వెళ్ళబోతుంటే వెనకనుంచి మా ఆవిడ బయటికి వచ్చింది. మొన్నటి నుంచీ నాతో ఒక్క మాట లేదు. నన్ను దాటుకుని వెళ్ళి వాడి ఎదురుగా నిలబడింది.

"ముట్టుకున్నావా, ఊరికే అంటున్నావా?" అంది.

వాడు కంగారుపడ్డాడు. "చూశానమ్మా. కళ్ళారా చూశాను."

"చూడటం కాదు. ముట్టుకున్నావా?"

"ఇంకా లేదమ్మా."

"రేపు ముట్టుకో. ఎవరు ఉందన్నా సరే, నీ చేత్తో ముట్టుకున్నాకే దిగు. ఈయన అన్నా సరే."

"అలాగేనమ్మా," అన్నాడు వాడు. ఆవిడ వాడు మలుపు తిరిగేదాకా చూసి, నావైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.